పడుకుంది సరే... లేవదేం?

మూత వేస్తే పడుకోవాలి. తీస్తే లేవాలి. ల్యాప్‌టాప్‌ను ఎవరైనా కోరేది ఇంతే. కానీ పాత ల్యాప్‌టాప్‌లో తేలికపాటి లినక్స్ వేసుకున్న చాలామందికి ఈ చిన్న కోరికే పెద్ద తలనొప్పి. మూత తీస్తారు... పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాను గిర్రున తిరుగుతుంది, తెర మాత్రం అమావాస్య రాత్రిలా నల్లగా ఉంటుంది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. చివరికి పవర్ బటన్ నొక్కిపట్టి ఆర్పేయడమే గతి. అప్పటిదాకా టైపు చేసి, సేవ్ చేయని ప్రాజెక్టు రికార్డు గోవిందా!

ఇంకో రకం ఇంకా ప్రమాదం. మూత వేసి సంచిలో పెట్టుకుని కాలేజీకో, ఊరికో బయల్దేరతారు. దిగి చూస్తే సంచి కాలుతూ ఉంటుంది. బ్యాటరీ సున్నా. అంటే ల్యాప్‌టాప్ అసలు పడుకోలేదన్నమాట. గాలాడని సంచిలో గంటల తరబడి మేలుకుని ఉంది. అలా తరచూ వేడెక్కితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. కాబట్టి ఇది ఒట్టి చికాకు వ్యవహారం అనుకోవడానికి లేదు.

ఈ బాధ ఇప్పుడు ఎక్కువ ఇళ్లలోకి రావడానికి కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 చిప్, కొంచెం కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. లేని వాటిని పారేయలేక, అలాగే వాడలేక లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, జుబుంటు, లూబుంటు, ఎంఎక్స్ లినక్స్ లాంటివి వేసుకుంటున్నారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలకు ఇచ్చేవాళ్లకూ ఇదే దారి. పాత యంత్రం మీద ఇవి చక్కగా పరిగెడతాయి. చిక్కల్లా నిద్ర దగ్గరే!

లినక్స్ విండోస్ వేషం

నిద్ర విషయంలో ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే ఏదీ చేయలేదు. మదర్‌బోర్డు మీదుండే బయోస్ సాయం కావాలి. ఇద్దరూ ఎలా మాట్లాడుకోవాలో చెప్పే ఒప్పందమే ఏసీపీఐ. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబరులో దీన్ని తెచ్చాయి. 2013 నుంచి యూఈఎఫ్ఐ ఫోరం చూసుకుంటోంది. ఒప్పందం కాగితం మీద బాగానే ఉంది. కానీ ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్లు తమ బయోస్‌ను పరీక్షించేది ఎక్కువగా విండోస్‌తోనే. విండోస్‌లో నడిచిందా... సరుకు బజారులోకి! లినక్స్‌లో నడుస్తుందో లేదో చూసే తయారీదారులు కొందరే.

అందుకే లినక్స్ ఓ చిన్న నాటకం ఆడుతుంది. 'నువ్వెవరు, విండోస్‌వేనా?' అని బయోస్ అడిగితే 'అవును' అంటుంది. 'లినక్స్‌వా?' అని అడిగితే 'కాదు' అంటుంది! నిజం చెబితే పరీక్షించని దారిలోకి తోసేస్తారని భయం మరి. ఇన్ని తంటాలు పడ్డా కొన్ని మోడళ్లలో ఏదో ఒక మూల తేడా కొడుతూనే ఉంటుంది.

తేలికపాటి లినక్స్‌లకు దీనికితోడు మరో ఇబ్బంది. గ్నోమ్, కేడీఈ లాంటి పెద్ద డెస్క్‌టాప్‌లు ఉమ్మడి కుటుంబాల్లాంటివి. తెర ఆర్పడం, తాళం వేయడం, నిద్రపుచ్చడం అన్నీ ఒకే పెద్ద చేతిలో ఉంటాయి. తేలికపాటివి అలా కాదు. పవర్ మేనేజర్ ఒకరిది, తెరకు తాళం వేసే ప్రోగ్రామ్ ఇంకొకరిది, లాగిన్ తెర మరొకరిది. తలా ఓ చెయ్యి వేసి కట్టిన పందిరి. మూత పడగానే 'నేను చూసుకుంటా' అని ఇద్దరు లేవడమో, ఎవరూ లేవకపోవడమో జరుగుతుంది.

కోడికునుకు, గాఢనిద్ర

ల్యాప్‌టాప్ నిద్ర ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది కోడికునుకు. లినక్స్‌లో దీని పేరు ఎస్2ఐడిల్. పనులన్నీ ఆపి, తెర ఆర్పి, ప్రాసెసర్‌ను విశ్రాంతిలో ఉంచుతుంది కానీ యంత్రం మొత్తం ఆగదు. సెల్‌ఫోను తెర ఆర్పి జేబులో వేసుకున్నట్టు. రెండోది గాఢనిద్ర. దీన్ని 'డీప్' అంటారు, ఏసీపీఐ భాషలో ఎస్3. ఇందులో ర్యామ్‌కు తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది. మూడోది హైబర్నేషన్, ఎస్4. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసిపెట్టి యంత్రం పూర్తిగా ఆరిపోతుంది. బ్యాటరీ ఊడదీసినా ఫరవాలేదు.

గాఢనిద్రలోంచి లేవడం ఎందుకు కష్టమంటే... కరెంటు పోయి మళ్లీ వచ్చిన గ్రాఫిక్స్ చిప్, వైఫై, టచ్‌ప్యాడ్, డిస్క్ ఒక్కోదాన్నీ ఒక్కో డ్రైవర్ పేరుపెట్టి పిలిచి లేపాలి. బడిలో హాజరు పిలిచినట్టు. ఒక్కరు పలక్కపోయినా కొన్నిసార్లు క్లాసంతా ఆగిపోతుంది.

పాత ల్యాప్‌టాప్‌లలో గాఢనిద్ర దాదాపు అన్నిటా ఉండేది. 2012లో విండోస్ 8తో సెల్‌ఫోను తరహా నిద్ర మొదలైంది. తర్వాత మెల్లగా తయారీదారులు ఎస్3ని తీసేస్తూ వచ్చారు. 2020 తర్వాతి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో కోడికునుకు ఒక్కటే ఉంటుంది.

మీ యంత్రంలో ఏముందో తెలుసుకోవడం తేలిక. టెర్మినల్ తెరిచి 'క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్' అని కొట్టండి. ఇక్కడ తెలుగులో రాసిన ఆదేశాలన్నిటినీ అక్కడ ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే కొట్టాలి సుమా! సిస్ అంటే ఎస్, వై, ఎస్. మెమ్ అంటే ఎం, ఇ, ఎం. జవాబుగా రెండు మాటలు రావచ్చు: ఎస్2ఐడిల్, డీప్. చదరపు బ్రాకెట్లలో ఉన్నదే ఇప్పుడు అమల్లో ఉన్నట్టు. డీప్ అనే మాటే కనిపించకపోతే ఆ బయోస్ గాఢనిద్రను ఇవ్వడం లేదని అర్థం. అలాంటప్పుడు ఓసారి బయోస్‌లోకి వెళ్లి చూడాలి. కొన్ని థింక్‌ప్యాడ్ మోడళ్లలో పవర్ విభాగం కింద 'స్లీప్ స్టేట్' అని ఉంటుంది. అది విండోస్ అని ఉంటే లినక్స్ అని మారిస్తే డీప్ ప్రత్యక్షమవుతుంది.

రెండూ ఉండి, ఒకదానితో ఇబ్బంది ఉంటే రెండోదానికి మారడమే అన్నిటికన్నా సులువైన వైద్యం. బ్యాటరీ రాత్రికి రాత్రే కరిగిపోతుంటే డీప్‌కు మారాలి. డీప్‌లోంచి లేవనని మొరాయిస్తుంటే ఎస్2ఐడిల్‌కు మారాలి. డీప్ అయితేనే గొప్ప అని పట్టుబట్టనక్కర్లేదు. కాస్త బ్యాటరీ ఎక్కువ తిన్నా, లేచే నిద్రే మంచి నిద్ర. తాత్కాలికంగా మార్చి చూడ్డానికి 'ఎకో డీప్ | సుడో టీ /సిస్/పవర్/మెమ్_స్లీప్' అంటే చాలు. రీస్టార్ట్ చేయగానే మళ్లీ పాత పద్ధతికే పోతుంది కాబట్టి భయం లేదు. ఎస్2ఐడిల్ కావాలంటే డీప్ స్థానంలో ఆ మాట రాయాలి.

తప్పెవరిదో తేల్చే పరీక్ష

ఇంటర్నెట్‌లో దొరికిన చిట్కాలన్నీ వరసగా ప్రయోగించేవాళ్లు చాలామంది. నాలుగోది ఫలిస్తే మొదటి మూడూ లోపల అలాగే ఉండిపోతాయి. ఆర్నెల్ల తర్వాత వేరే ఇబ్బంది వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. దానికన్నా ముందు తప్పు కెర్నల్‌దా, డెస్క్‌టాప్‌దా అన్నది తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

అదెలాగంటే... తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి, లాగవుట్ అవండి. లాగిన్ తెర వచ్చాక కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్లతెర మీద తెల్లక్షరాలతో యూజర్ పేరు అడుగుతుంది. పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనిపించవు, కంగారుపడొద్దు. తర్వాత 'సిస్టమ్‌సీటీఎల్ సస్పెండ్' అని కొట్టండి. ఇందులో సీటీఎల్ అంటే సి, టి, ఎల్ అక్షరాలే. రెండు నిమిషాలు ఆగి పవర్ బటన్‌ను ఒక్కసారి మెల్లగా నొక్కండి.

నల్లతెర, తెల్లక్షరాలు మళ్లీ వచ్చాయా? అయితే బయోస్, కెర్నల్ రెండూ దాదాపు నిర్దోషులే. తప్పు డెస్క్‌టాప్‌ది. పవర్ మేనేజర్, తాళం ప్రోగ్రామ్, మూత సెట్టింగ్ చూసుకోవాలి. ఇక్కడా లేవలేదంటే మాత్రం తప్పు కింద ఉంది. డెస్క్‌టాప్ ఎన్నిసార్లు మార్చినా, జుబుంటు తీసి లూబుంటు వేసినా ప్రయోజనం ఉండదు. అన్నిటికీ అడుగున ఉన్నది ఒకే రకం కెర్నల్ కదా!

అసలు పడుకోకపోతే

మూత వేసినా పడుకోవడం లేదంటే చాలాసార్లు అది దొంగనిద్ర. తెర ఒక్కటే ఆరిపోయి ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో సెట్టింగ్స్, పవర్ మేనేజర్ తెరిచి మూత వేసినప్పుడు ఏం చేయాలన్న చోట చూడండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు, చార్జర్ పెట్టినప్పుడు అని రెండు వేర్వేరు గడులు ఉంటాయి. 'స్విచ్ ఆఫ్ డిస్‌ప్లే' అనో, 'లాక్ స్క్రీన్' అనో ఉంటే 'సస్పెండ్' అని మార్చాలి. ఒక గడి మార్చి రెండోది మరిచిపోవడం మామూలే. లూబుంటులో అయితే పవర్ మేనేజ్‌మెంట్ సెట్టింగ్స్‌లో 'లిడ్' అనే ట్యాబ్ ఉంటుంది.

అన్నీ సరిగానే ఉన్నా పడుకోకపోతే, వెనక్కి తిరిగి కేబుళ్లు చూడండి. హెచ్‌డీఎంఐతో టీవీకో, మానిటర్‌కో కలిపి ఉందా? రెండో తెర ఉంటే మూత వేసినా పట్టించుకోవద్దని లినక్స్‌లో ముందే రాసి ఉంటుంది. టీవీలో సినిమా చూస్తూ ల్యాప్‌టాప్ మూత వేసుకునేవాళ్లకు ఇది సౌకర్యమే. అలాంటిదేమీ లేకపోతే టెర్మినల్‌లో 'సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ --లిస్ట్' అని కొడితే నిద్రను అడ్డుకుంటున్న ప్రోగ్రామ్‌ల పేర్లు చిట్టా కట్టి చూపిస్తుంది. సగంలో ఉన్న అప్‌డేటో, నడుస్తున్న వీడియోనో బయటపడుతుంది.

పడుకోగానే లేస్తే

పడుకున్న రెండు మూడు సెకన్లకే దానంతటదే లేచి కూర్చుంటుందా? ఎవరో తట్టి లేపుతున్నారన్నమాట. మొదటి అనుమానితుడు వైర్‌లెస్ మౌస్. బల్ల కాస్త కదిలినా మౌస్ కదిలిందని సంకేతం పోతుంది. యూఎస్‌బీ రిసీవర్ పీకేసి మళ్లీ మూత వేసి చూడండి. హాయిగా పడుకుందంటే దొంగ దొరికినట్టే.

మౌస్ పీక్కుంటూ కూర్చోవడం విసుగనుకుంటే 'క్యాట్ /ప్రాక్/ఏసీపీఐ/వేకప్' అని కొట్టండి. నిద్రలేపే హక్కున్న పరికరాల పట్టిక వస్తుంది. ఎక్స్‌హెచ్‌సీ, ఈహెచ్‌సీ పేరుతో ఉన్నవి యూఎస్‌బీవి, ఎల్ఐడీ అంటే మూత. ఎదురుగా 'ఎనేబుల్డ్' అని ఉన్నవాటికే ఆ హక్కు. 'ఎకో ఎక్స్‌హెచ్‌సీ | సుడో టీ /ప్రాక్/ఏసీపీఐ/వేకప్' అంటే ఆ హక్కు పోతుంది. ఈ పేరును మాత్రం పట్టికలో ఉన్నట్టే పెద్దక్షరాల్లో ఇవ్వాలి. ఇదే ఆదేశం రెండోసారి ఇస్తే హక్కు తిరిగొస్తుంది. ఇది గోడ స్విచ్చి లాంటిది, మాటిమాటికీ నొక్కితే ఎటుందో తెలియదు. కాబట్టి ప్రతిసారీ పట్టిక చూసుకోవాలి. మూత హక్కు జోలికి మాత్రం పోకండి. అది తీసేస్తే మూత తెరిచినా లేవదు.

ఇంకో చిత్రమైన కేసుంది. మూత తీస్తే లేస్తుంది, పాస్‌వర్డ్ కొట్టేలోపే మళ్లీ పడుకుంటుంది. రెండోసారి లేపితే బుద్ధిగా ఉంటుంది. ఇది ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడేవాళ్లకు ఎదురయ్యేదే. మూత పడ్డప్పుడు కింద ఉన్న లాగిన్‌డీ ఒకసారి, పైన ఉన్న పవర్ మేనేజర్ ఒకసారి... ఇద్దరూ నిద్రపొమ్మని చెప్పారు. మొదటి నిద్రలోంచి లేవగానే రెండో ఆజ్ఞ వరసలో కాచుకుని ఉంది. పెత్తనం ఒక్కరికే ఇస్తే సరి. సెట్టింగ్స్ ఎడిటర్ తెరిచి, ఎడమ వైపు ఎక్స్‌ఎఫ్‌సీఈ4-పవర్-మేనేజర్ మీద క్లిక్ చేసి, 'లాగిన్‌డీ-హ్యాండిల్-లిడ్-స్విచ్' అన్నదానికి టిక్ పెడితే మూత బాధ్యత లాగిన్‌డీకి పోతుంది. టిక్ తీస్తే పవర్ మేనేజర్‌దే. పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూసి, ఏది కుదిరితే అది ఉంచుకోండి.

లేచింది... తెర లేవలేదు!

అన్నిటికన్నా ఎక్కువగా జనాన్ని ఏడిపించేది ఇదే. నల్లతెర చూడగానే యంత్రం చచ్చిందనుకుని పవర్ బటన్ నొక్కేస్తారు. ఆగండాగండి! ముందు నాడి చూడాలి. క్యాప్స్ లాక్ మీట నొక్కండి. దాని చిన్న లైటు వెలిగి ఆరుతోందా? అయితే ప్రాణం ఉంది. తెరకే ఏదో అయింది. సేవ్ చేయని ఫైలు ఇంకా లోపల భద్రంగానే ఉంది.

ప్రాణం ఉందని తేలితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 నొక్కి, రెండు సెకన్లాగి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 నొక్కండి. కొన్ని సిస్టమ్‌లలో ఎఫ్7 బదులు ఎఫ్2 కావచ్చు, ఎఫ్8 కావచ్చు. ఒక్కోటీ ప్రయత్నించండి. చాలాసార్లు తెర టక్కున వచ్చేస్తుంది. అలా వచ్చిందంటే నేరం తాళం ప్రోగ్రామ్‌దే అనుకోవచ్చు. లైట్-లాకర్ అనే పాత ప్రోగ్రామ్‌కు ఈ చెడ్డపేరు బాగా ఉంది. దాన్ని తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ4-స్క్రీన్‌సేవర్ పెట్టుకుంటే చాలామందికి పీడ విరగడైంది. రెండూ ఒకేసారి ఉంచితే మళ్లీ గొడవే.

అలా కూడా రాకపోతే గది లైటు ఆర్పి, సెల్‌ఫోను టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూడండి. మసకమసకగా బొమ్మ కనిపిస్తోందా? అంటే గ్రాఫిక్స్ లేచింది, తెర వెనకాల దీపం వెలగలేదు. వెలుతురు పెంచే మీటను వరసగా నొక్కండి. దీపం వెలిగితే సమస్య బ్రైట్‌నెస్ సెట్టింగ్‌ది, తెర పోలేదు. తెర పోయిందని చెప్పి కొత్తది వేయించుకునే ముందు ఈ టార్చి పరీక్ష ఒక్కటి చేసుకుంటే డబ్బులు మిగలొచ్చు.

గ్రాఫిక్స్ కూడా లేవకపోతే ఒక పాత తప్పు గుర్తుచేసుకోవాలి. లినక్స్ వేసేటప్పుడు తెర సరిగా రాకపోతే 'నోమోడ్‌సెట్' అనే మాట చేర్చమని ఎవరో చెప్పి ఉంటారు. ఆ పూటకు పని జరిగింది. తర్వాత దాన్ని తీయడం ఎవరికీ గుర్తుండదు. ఆ మాట ఉన్నంతకాలం అసలైన గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయదు. అది పనిచేయకపోతే నిద్రలేచాక తెరను వెలిగించే నాథుడే ఉండడు. 'క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్' అని కొట్టి చూడండి. అందులో నోమోడ్‌సెట్ కనిపిస్తే జబ్బు మూలం దొరికినట్టే.

దాన్ని తీయాలన్నా, డీప్‌ను శాశ్వతం చేయాలన్నా మార్చాల్సింది ఒకే ఫైలు. ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే ఫోల్డర్, అందులో గ్రబ్ అనే ఫైలు. దాన్ని ముందు ఓ కాపీ తీసిపెట్టుకోవాలి. 'క్వైట్ స్ప్లాష్' అని కొటేషన్ల మధ్య ఉన్న వరసలోనే నోమోడ్‌సెట్ ఉంటే తీసేయాలి. నిద్ర రకం మార్చుకోవాలనుకునేవాళ్లు అక్కడే ఖాళీ వదిలి 'మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్' చేర్చాలి. సేవ్ చేశాక 'సుడో అప్‌డేట్-గ్రబ్' అని కొట్టి రీస్టార్ట్ చేయాలి. ఫైలు ముట్టుకోవడానికి భయమైతే ముందు ఒక్కసారికి పరీక్షించుకోవచ్చు. ఆన్ చేయగానే షిఫ్ట్ కానీ ఎస్కేప్ కానీ నొక్కితే గ్రబ్ పట్టిక వస్తుంది. అక్కడ 'ఇ' మీట నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరసలో మార్పు చేసి, ఎఫ్10 నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్క పూటకే.

అదే పట్టికలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అని ఉంటుంది చూశారా, అందులో పాత కెర్నల్‌లు దాగి ఉంటాయి. నిన్నటిదాకా బాగా లేచింది, అప్‌డేట్ చేశాక పాడైందంటే పాత కెర్నల్‌తో ఓసారి నడిపి చూడాలి. దాంతో బాగుంటే కొన్నాళ్లు దాంతోనే గడపొచ్చు. లినక్స్ మింట్‌లో అయితే అప్‌డేట్ మేనేజర్‌లోంచే కెర్నల్‌లు ఎంచుకునే వీలుంది. ఎన్‌విడియా కార్డున్నవాళ్లకు డ్రైవర్ మార్చి చూడటం కూడా అవసరం పడొచ్చు.

క్యాప్స్ లాక్ లైటు కూడా పలక్కపోతే యంత్రం నిజంగానే బిగుసుకుపోయింది. అప్పుడు కూడా పవర్ బటన్ ఆఖరి అస్త్రమే. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ మీటలు పట్టుకుని ఎస్, యు, బి ఒక్కోటీ రెండు మూడు సెకన్ల తేడాతో నొక్కండి. ఎస్ అంటే డిస్క్ మీదికి రాయాల్సింది రాసేయ్, యు అంటే డిస్క్‌ను చదవడానికి మాత్రమే ఉంచు, బి అంటే రీబూట్. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దీనికి ఎఫ్ఎన్ మీట కూడా పట్టుకోవాలి. కెర్నల్‌లో కొంచెం ఊపిరి ఉంటే ఇది పనిచేస్తుంది. సేవ్ చేయనివి దక్కవు కానీ డిస్క్ దెబ్బతినే ప్రమాదం తగ్గుతుంది.

గడియారంలో దాచిన జవాబు

రీస్టార్ట్ అయ్యాక 'జర్నల్‌సీటీఎల్ -బి -1' అని కొడితే కిందటిసారి ఏం జరిగిందో వరసగా ఉంటుంది. చివరికి వెళ్లి 'సస్పెండ్ ఎంట్రీ' అనే మాట వెతకండి. నిద్రలోకి వెళ్లినప్పుడు అది రాస్తుంది, పక్కనే ఏ రకం నిద్రో కూడా. లేచినప్పుడు 'సస్పెండ్ ఎగ్జిట్' అని రాస్తుంది. ఎంట్రీ ఉండి ఎగ్జిట్ లేదంటే దారిలోనే ఎక్కడో చిక్కుకుంది. రెండూ ఉండి తెర నల్లగా ఉందంటే లేచింది, తెరదే లోపం. రెండు ఎంట్రీలు వెంటవెంటనే ఉంటే ఇందాక చెప్పుకున్న ఇద్దరు పెత్తందార్ల గొడవ.

ఎక్కడ చిక్కుకుందో రాయడానికి ఆ సమయంలో డిస్క్ ఇంకా లేవలేదు, ర్యామ్‌లో రాస్తే రీస్టార్ట్‌తో పోతుంది. మరెలా? కెర్నల్ రాసినవాళ్లు దీనికి భలే ఉపాయం పన్నారు. రీస్టార్ట్ చేసినా చెరగనిది యంత్రంలో ఒకటుంది... గడియారం! పీఎం_ట్రేస్ అనే సదుపాయం ఆన్ చేస్తే, ఏ పరికరాన్ని లేపుతూ ఆగిపోయిందో దాని గుర్తును తేదీ, సమయాల రూపంలో గడియారంలో రాసేస్తుంది. మళ్లీ ఆన్ చేశాక కెర్నల్ ఆ అంకెలు చదివి ఫలానా పరికరం కావచ్చని చెబుతుంది. గడియారం మాత్రం ఏదో వింత తేదీ చూపిస్తుంది, సరిచేసుకోవాలి. ఇది ఇంట్లో అందరూ చేయాల్సింది కాదు. కానీ కాలేజీలో లినక్స్ తెలిసిన కుర్రాడికి అప్పగిస్తే ఉత్సాహంగా చేసిపెడతాడు.

తెర బాగానే వచ్చి వైఫై రాకపోతే అంత గాభరా అక్కర్లేదు. 'సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్' అంటే చాలాసార్లు వస్తుంది. ఈ చివరి పేరులో ఎన్, ఎం మాత్రం పెద్దక్షరాలు. టచ్‌ప్యాడ్ కదలకపోతే 'సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ పీఎస్‌మౌస్', ఆ వెంటనే మధ్యలో '-ఆర్' తీసేసి అదే ఆదేశం. డ్రైవర్‌ను ఓసారి బయటికి పంపి మళ్లీ లోపలికి పిలవడమే ఇది.

బయోస్ అప్‌డేట్ చేస్తే నిద్ర బాగుపడిన సందర్భాలూ ఉన్నాయి. తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్‌కు కొత్తది ఉందేమో చూడొచ్చు. కానీ బయోస్ రాస్తున్నప్పుడు కరెంటు పోతే మదర్‌బోర్డుకే ఎసరు. బ్యాటరీ నిండుగా ఉండి, చార్జర్ కూడా పెట్టి ఉంటేనే పూనుకోవాలి. బ్యాటరీ చచ్చిపోయి ఎప్పుడూ చార్జర్ మీదే నడిచే పాత ల్యాప్‌టాప్‌తో, కరెంటు కోతలున్న ఊళ్లో ఈ సాహసం వద్దు.

అసలు అలాంటి బ్యాటరీ ఉన్నవాళ్లకు నిద్రే ప్రమాదం. గాఢనిద్రలో ఉండగా కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నదంతా పోయినట్టే. వాళ్లకు హైబర్నేషన్ నయం. కానీ తేలికపాటి లినక్స్‌లలో అది తేలిగ్గా రాదు. ర్యామ్‌లో ఉన్నదంతా పట్టేంత స్వాప్ స్థలం డిస్క్ మీద ఉండాలి. 4 జీబీ ర్యామ్ ఉంటే స్వాప్ కూడా కనీసం 4 జీబీ ఉంచుకోవడం మంచిది. జడ్‌ర్యామ్ అనే పద్ధతితో స్వాప్‌ను ర్యామ్‌లోనే పెట్టే సిస్టమ్‌లు కొన్ని ఉన్నాయి. వేగానికి అది బాగుంటుంది కానీ హైబర్నేషన్‌కు పనికిరాదు. కరెంటు తీసేస్తే ర్యామ్ ఖాళీ కదా! సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఉబుంటు కుటుంబంలోని సిస్టమ్‌లు హైబర్నేషన్‌ను అనుమతించవు. ఇవన్నీ చూసుకునే ఓపిక లేకపోతే, పని అయ్యాక షట్‌డౌన్ చేసేయడమే మేలు. ఎస్ఎస్‌డీ ఉన్న యంత్రం మళ్లీ ఆన్ అవడానికి పట్టేది కొద్ది సేపే.

కొత్తగా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లు ఒక పని చేయొచ్చు. జేబులో లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి పట్టుకెళ్లండి. డబ్బులిచ్చే ముందు దాంతో ఆన్ చేసి, మెనూలోంచి సస్పెండ్ నొక్కి, మూత వేసి పది నిమిషాలు వదిలేయండి. పెన్‌డ్రైవ్ మాత్రం పీకకూడదు. మూత తీశాక తెర, వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్ ఒక్కోటీ చూసుకోండి. చార్జర్ తీసేసి ఇంకోసారి ఇదే చేయండి. దుకాణాయన 'అదంతా ఎందుకు సార్, విండోస్‌లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది' అంటే, ఆ పది నిమిషాలూ పక్క దుకాణంలో బేరమాడుతూ కూర్చోవచ్చు.